అమెరికా చదువుకి సంసారంతో వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకి పెద్దమ్మ ఆశీస్సులు.

నలభై దగ్గర పడుతుండగా జీతంతో సహా పీహెచ్‌డీ సీటు తెచ్చుకున్నావు. ఇక్కడ విశాఖలో, ఎంవీపీ కాలనీలో మా వీధి వీధంతా చెప్పుకుంటున్నారు. "ఈ వయసులో చదువేంటి" అన్నవాళ్ళ మాట పట్టించుకోకు. నేనూ ఇంచుమించు ఆ వయసులోనే పిల్లల్ని వెంటపెట్టుకుని వెళ్ళి చదివొచ్చాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. చదువు సంగతి నీకు చెప్పక్కర్లేదు. నా బెంగంతా అల్లుడుగారి గురించే.

నీకు క్లాసులుంటాయి, ల్యాబ్ ఉంటుంది. పిల్లలకు బడి ఉంటుంది. ఆయనకేముంటుంది? నువ్వు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్తే, నీ మీద ఆధారపడి వచ్చే మనిషిగా ఆయనకు ఎఫ్-2 ఇస్తారు. దాని మీద ఉద్యోగం చేయకూడదు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు. చదువుకుందామన్నా పార్ట్‌టైమే, ఫుల్‌టైమ్ కావాలంటే ఆయనే సొంతంగా ఎఫ్-1కి మారాలి. ఇన్నేళ్ళు ఉద్యోగం చేసిన మనిషి, పొద్దున్నే మిమ్మల్ని పంపించి తలుపేసుకుంటే సాయంత్రం దాకా పలకరించే దిక్కుండదు.

మీ పెదనాన్నకి మొదటి చలికాలం అలాగే గడిచింది. అపార్ట్‌మెంట్ కింద లాండ్రీ గదిలో బట్టలు మడతపెడుతుంటే ఎవరో ఒకరు "మీరేం చేస్తుంటారు" అని అడిగేవారు. బ్యాంకులో ఆఫీసరుగా చేసిన మనిషికి ఏం చెప్పాలో తోచేది కాదు. ఆ ప్రశ్న తప్పించుకోవడానికి అందరూ పడుకున్నాక బట్టల బుట్ట పట్టుకుని కిందికి దిగేవారు. నాతో ఆ మాట చెప్పడానికే ఆయనకి చాలా నెలలు పట్టింది. తర్వాత పిల్లల బడి లైబ్రరీలో జీతం లేకుండా పుస్తకాలు సర్దడానికి వెళ్ళడం మొదలుపెట్టాక మనిషి తేరుకున్నారు.

అందుకే ఎఫ్-1 వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం తీసుకునేముందే వాళ్ళ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, జె-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా మీద రావచ్చా అని అడుగు. నీ ఖర్చులో పెద్ద భాగం వాళ్ళే అసిస్టెంట్‌షిప్‌గా, అంటే టీచింగో రీసెర్చో చేయించుకుని జీతంగా, ఇస్తున్నారు కాబట్టి అడగొచ్చు. ఒప్పుకుంటే ఐ-20 బదులు డీఎస్-2019 వస్తుంది, అల్లుడుగారికి జె-2 వస్తుంది. అక్కడికి వెళ్ళాక ఆయన వర్క్ పర్మిట్‌కి అప్లై చేసుకోవచ్చు. అది చేతికి రావడానికి నెలలు పట్టినా ఎదురుచూడ్డానికి ఒకటుంటుంది. ఇందులో ఒక మెలిక కూడా ఉంది. జె-1 మీద వెళ్ళిన కొందరు చదువయ్యాక రెండేళ్ళు స్వదేశంలో ఉండాలి, లేకపోతే హెచ్-1 ఉద్యోగ వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఇవ్వరు. ఏ దేశంవాళ్ళకి ఏ చదువులకి ఈ షరతు పడుతుందో చెప్పే నైపుణ్యాల జాబితా (స్కిల్స్ లిస్ట్) నుంచి 2024 డిసెంబరులో ఇండియాను తీసేశారు. కానీ ప్రభుత్వ సొమ్ముతో చదివేవాళ్ళకి అది ఇప్పటికీ పడుతుంది. నీ స్టైపెండ్ ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుని, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నాకే నిర్ణయించుకోండి. ఆయన ఉద్యోగం మాత్రం అప్పుడే రాజీనామా చెయ్యొద్దు. ముందు జీతం లేని సెలవు అడిగి చూడమను.

డబ్బు విషయంలో రెండే అడుగు. స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? వేసవిలో జీతం ఆగిపోయేచోట్లున్నాయి. రెండోది ఇన్సూరెన్స్. నీది వాళ్ళు కట్టినా, ఆయనదీ పిల్లలదీ నీ జేబులోంచే పోవచ్చు, అది చిన్న మొత్తం కాదు. ఎంతో అంకెతో సహా మెయిల్‌లో రాయించుకో. మొదటి జీతం వచ్చేలోపు అద్దె, డిపాజిట్, సామాన్లు అన్నీ చేతి డబ్బే. ఫ్యామిలీ హౌసింగ్ ఉంటే ఇవాళే దరఖాస్తు పెట్టు, వాటికి వెయిటింగ్ లిస్టులుంటాయి.

ఇక టీకాలు. దీన్ని తేలిగ్గా తీసుకోకు. టీకాల రికార్డు లేకపోతే అక్కడి బడిలో చేర్చుకోవడానికి ఇబ్బంది పెడతారు. మన సర్కారు టీకాల్లో తట్టు, రుబెల్లాకి కలిపి ఎంఆర్ వేస్తారు, గవదబిళ్ళలకి ఉండదు. ఆటలమ్మ టీకా కూడా అందులో లేదు. అక్కడ మామూలుగా ఈ మూడింటికీ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) కలిపి వేసే ఎంఎంఆర్ రెండు డోసులు, ఆటలమ్మది రెండు డోసులు అడుగుతారు. డోసుకీ డోసుకీ మధ్య వ్యవధి ఉండాలి కాబట్టి ప్రయాణం ముందు హడావుడిగా కుదరదు. మన పిల్లల డాక్టరు దగ్గర ఇప్పుడే మొదలుపెట్టి, తేదీలన్నీ ఇంగ్లీషులో రాయించి సంతకం, స్టాంపు వేయించు. కొన్నిచోట్ల టీబీ పరీక్ష కూడా అడుగుతారు. చిన్నప్పుడు టీబీకి వేసే బీసీజీ టీకా వేయించుకున్న మన పిల్లలకి చర్మం మీద చేసే పరీక్షలో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. అలాంటప్పుడు కంగారు పడకుండా రక్తపరీక్ష చేయమని అడుగు.

పెద్దది తొమ్మిదిలో ఉంది కదా. అక్కడ హైస్కూలు తొమ్మిది నుంచి పన్నెండు దాకా, ఆ నాలుగేళ్ళ మార్కులూ కాలేజీ సీటుకి చూస్తారు. మార్కుల లిస్టు, సిలబస్ స్కూలు స్టాంపుతో తీసుకో. చేర్పించేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష అడుగుతారు, తెలుగని రాయి. ఇంగ్లీషు పరీక్ష పెడితే పెట్టనీ, సాయం అవసరమైతే అదీ ఉచితమే. చిన్నాణ్ణి ఇక్కడిలా ఎదురింటి అత్తయ్యకి చెప్పి తాళం వేసి వెళ్ళడం అక్కడ కుదరదు. బడి మధ్యాహ్నం మూడింటికే అయిపోవచ్చు. నీ క్లాసులు, టీచింగ్ పొద్దుటి పూట ఇమ్మని డిపార్ట్‌మెంట్‌లో మొదటి వారమే అడుగు. ప్రొఫెసర్ నీకన్నా చిన్నవాడైనా సరే, పిల్లలున్న సంగతి మొహమాటపడి దాచకు.

నువ్వు ముందు వెళ్ళి, వాళ్ళు ఏడాది తర్వాత రావడమనే మాట ఎవరైనా చెబితే వినకు. రెండు మూడు వారాలు ముందు వెళ్ళి ఇల్లు చూసుకో, చాలు. ఏడాది దూరంగా ఉంటే పిల్లలు వేరే లయకి అలవాటుపడిపోతారు.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడి మిక్సీ పనికిరాదు, కుక్కరు మాత్రం పట్టుకెళ్ళు. లంబసింగిలో వేసుకున్న స్వెటర్లు అక్కడి చలికి చాలవు, కోట్లు అక్కడే కొనుక్కోండి. పిల్లల పాస్‌పోర్టులు ఐదేళ్ళకే ఇస్తారు. గడువు దగ్గర పడితే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో ఇప్పుడే రెన్యూ చేయించు. అల్లుడుగారు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటే మంచిది. చిన్న ఊళ్ళో కారు నడపడం వస్తేనే ఆయన ఇల్లు దాటగలరు.

ఇంటర్నేషనల్ ఆఫీసు జవాబు రాగానే నాకు పంపు. ఈ ఆదివారం పిల్లల టీకా కార్డులు తీసుకుని ఇద్దరూ రండి, మీ పెదనాన్న అల్లుడుగారితో మాట్లాడతానంటున్నారు.

మీ పెద్దమ్మ