పాఠకుల ప్రశ్న: రోబో ఆగిపోతే కారణం ఎలా గుర్తించాలి?

ప్రశ్న: మా భవనంలో నేల తుడవడానికి, సామాన్లు అంతస్తుల మధ్య చేరవేయడానికి 12 రోబోలను తెచ్చి, వాటి పర్యవేక్షణను నాకు అప్పగించారు. శిక్షణలో ఫ్లీట్ మేనేజర్, లోకలైజేషన్, డెడ్‌లాక్, డాకింగ్ వంటి మాటలు చాలా వినిపించాయి. వీటిలో ముందుగా ఏవి తెలుసుకోవాలి? రేపు మరో కంపెనీ రోబోలు వస్తే ఇబ్బంది ఉంటుందా?

జవాబు: ఒకే రోబో ఉన్నంతకాలం దారి ఎవరిది, లిఫ్టు ముందు ఎవరికి, ఛార్జర్ ఎప్పుడు ఖాళీ అవుతుంది అన్న ప్రశ్నలు పుట్టవు. రెండోది వచ్చిన రోజునే అవి మొదలవుతాయి. ఆ తగాదాలు తీర్చి, ఏ పని ఏ రోబోకు ఇవ్వాలో నిర్ణయించే సాఫ్ట్‌వేరే ఫ్లీట్ మేనేజర్. మీరు ముందుగా నేర్చుకోవలసింది మాత్రం, 'రోబో ఆగిపోయింది' అని మనం అనేసే మాట వెనుక ఉన్న వేర్వేరు కారణాల పేర్లు. ఎందుకంటే ఒక్కోదానికి మందు ఒక్కోటి.

మనిషో, బండో అడ్డు వచ్చి ఆగితే అది భద్రత కోసం ఆగడమే. అడ్డు తొలగగానే సాధారణంగా కదులుతుంది.

మ్యాప్‌లో తాను ఎక్కడున్నదీ పోల్చుకోవడం లోకలైజేషన్. మ్యాప్ గీస్తూనే తన చోటు కూడా తెలుసుకుంటే దాన్ని స్లామ్ అంటారు. ఇందుకు రోబోలో వాడే లిడార్ అనే సెన్సర్ లేజర్ కిరణాన్ని పంపి, అది తగిలి తిరిగివచ్చిన తీరును బట్టి దూరం లెక్కిస్తుంది. గాజు గోడ దగ్గర ఆ కిరణం చాలావరకు దాటిపోతుంది కనుక గోడ ఉన్నట్టే తెలియకపోవచ్చు. తలుపులు, మలుపులు లేని పొడవాటి వరండాలో రెండు పక్కల గోడల దూరం తెలుస్తుంది గాని, వరండాలో ఎంత దూరం వచ్చిందో తెలియదు. తెర మీది రోబో గుర్తు గోడలోకి చొచ్చుకుపోయినట్టు కనిపిస్తే లోకలైజేషన్ లోపాన్నే అనుమానించండి. దాన్ని తెలిసిన చోటుకు, వీలైతే ఛార్జింగ్ డాక్ దగ్గరికి చేర్చి, స్థానాన్ని మళ్లీ నమోదు చేయాలి.

డెడ్‌లాక్ వీటికి పూర్తిగా వేరు. ఇరుకు దారిలో రెండు రోబోలు ఎదురుపడి, అవతలిది తప్పుకుంటేనే కదులుతానని రెండూ నిలబడిపోతాయి. ఏ ఒక్కదానిలోనూ లోపం ఉండదు కనుక, రోబోను ఎంత పరీక్షించినా ఏమీ దొరకదు. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషానీ అనే పరిశోధకులు కంప్యూటర్ల విషయంలో డెడ్‌లాక్‌కు నాలుగు షరతులు చెప్పారు: వనరు (మన విషయంలో దారి) ఒకసారి ఒకరికే దక్కడం, ఒకటి పట్టుకుని మరొకదాని కోసం ఎదురుచూడడం, బలవంతంగా లాక్కునే వీలు లేకపోవడం, ఎదురుచూపులు వలయంగా మారడం. వీటిలో ఏ ఒక్కటి తెగినా ముడి పడదు. కాబట్టి వరండాను ఒకవైపు దారిగా మార్చినా, మొత్తం వరండా దక్కాకే లోపలికి అడుగుపెట్టాలనే నియమం పెట్టి ప్రవేశం దగ్గర వేచి ఉండే చోటు కేటాయించినా సమస్య తీరుతుంది. ఈ పని మ్యాప్ మీద మీరే చేయించగలరు.

డాకింగ్ అంటే ఛార్జర్‌కు సరిగ్గా ఆనుకుని నిలబడడం. విరామాల్లో కొంచెం కొంచెం ఛార్జ్ చేసుకునే పద్ధతి పాటిస్తే, అన్నీ ఒకేసారి డాక్ వైపు పరుగెత్తే పరిస్థితి తగ్గుతుంది.

ఇక మీ రెండో ప్రశ్న. కంపెనీలు వేరైతే ఇబ్బంది రావచ్చు; దాన్ని తగ్గించడానికే ఉమ్మడి పద్ధతులు వచ్చాయి. జర్మనీ వాహన పరిశ్రమ సంఘం 2019లో విడుదల చేసిన వీడీఏ 5050 ప్రమాణం, కర్మాగారాల రవాణా వాహనాలు వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌తో ఒకే తీరులో మాట్లాడడం కోసం పుట్టింది. సింగపూర్ ఆసుపత్రుల అవసరాల నుంచి ఎదిగిన ఓపెన్-ఆర్‌ఎమ్‌ఎఫ్ అనే సాఫ్ట్‌వేర్, వేర్వేరు కంపెనీల రోబోలను లిఫ్టులతో, తలుపులతో కలిపి నడపడానికి ఉద్దేశించింది. అందులో రోబోల బృందాలను, బయటి నియంత్రణకు ఎంతవరకు లోబడతాయన్నదాన్ని బట్టి విడదీస్తారు. కొన్ని దారి మార్పును కూడా అంగీకరిస్తాయి, కొన్ని ఆగమంటే ఆగి వెళ్లమంటే వెళ్తాయి, కొన్ని తమ స్థానం చెప్పడం తప్ప మరే మాటా వినవు. ఈ చివరి రకం బృందాలు ఒకే చోట రెండు ఉంటే డెడ్‌లాక్‌ను తప్పించడం దాదాపు అసాధ్యం. కొత్త కంపెనీతో ఒప్పందానికి ముందే వారి రోబోలు వీటిలో ఏ రకమో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.