ఓవల్ ట్రాక్ ఆర్‌సీ కారుకు ఏ మోటారు కొనాలి? ముందు కాటా కొనండి

మీరు అడిగింది ఇది: టెన్త్ స్కేల్ (అసలు కారులో పదో వంతు సైజు) ఆర్‌సీ, అంటే రిమోట్ కంట్రోల్ కారుతో ఓవల్ ట్రాక్ రేసింగ్ మొదలుపెట్టాను, మలుపులో కారు గిర్రున తిరిగిపోతోంది, పవర్ చాలకనా, ఏ మోటారు, ఏ బ్యాటరీ కొనాలి?

పవర్ చాలక కాదు. పవర్ చాలకపోతే కారు మెల్లగా పోతుంది, అంతే. గిర్రున తిరగడానికి పవర్ ఎక్కువే కావాలి. ఈ మాట చెప్పేవాడు మోటార్లంటే గిట్టనివాడేం కాదు. నాది హన్మకొండలో మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, మిక్సీలు, కూలర్లు, రాగి తీగ, వార్నిష్ వాసన, ఇదే నా బతుకు. అయినా ఆర్‌సీ కార్ల దగ్గర ఎవరైనా మోటారు పేరు ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెప్తాను.

ఆదివారం సాయంత్రాలు మేం కొందరం వడ్డేపల్లి దాటాక ఒక వెంచర్‌లో కలుస్తాం. ప్లాట్లు ఇంకా అమ్ముడుపోలేదు కాబట్టి వాచ్‌మన్ కూడా ఏమీ అనడు. పార్కు కోసం వదిలిన జాగాలో మొరం చదును చేసి, ముగ్గుతో కోడిగుడ్డు ఆకారం గీసి, లోపలి అంచు పొడవునా పాత డ్రిప్పు పైపు పరిచి మేకులు కొట్టాం. అదే మా స్టేడియం. అరుగు లాంటి చిన్న దిబ్బ మీద నిలబడి రిమోట్ పట్టుకుంటాం.

పోయిన దసరాకు మా బామ్మర్ది కరీంనగర్ నుంచి వచ్చాడు. వాళ్ళ అక్కకు చీర తెచ్చాడో లేదో గానీ, కొత్త బ్రష్‌లెస్ (కార్బన్ బ్రష్‌లు లేని) మోటారు మాత్రం డబ్బాతో సహా తెచ్చాడు. కారు ట్రాక్సాస్ స్లాష్, టూ వీల్ డ్రైవ్. 2008లో వచ్చిన మోడల్ ఇది. విడిభాగాలు దొరుకుతాయి, దెబ్బలు తట్టుకుంటుంది కాబట్టి అమెరికాలో మట్టి ఓవల్ మీద కొత్తగా దిగేవాళ్ళు చాలామంది దీన్నే పట్టుకుంటారు. మావాడు రాత్రికి రాత్రే మోటారు బిగించేశాడు. తెల్లారి ట్రాకు మీద పెట్టి, మూడో మలుపు దాటుతూ ట్రిగ్గర్ నొక్కాడో లేదో, వెనక భాగం కుడివైపుకు విసిరేసింది. కారు వచ్చిన దారికే మూతి తిప్పి, దుమ్ములో ఆగింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అదే.

"బావా, మోటార్‌ల దమ్ము లేదే. ఇంకా పెద్దది ఏస్కోవాలె."

దమ్ము లేని మోటారు టైర్లను అట్లా గుంజుతుందా? "కారు ఇంటికి తీస్కరా, కాటా ఏద్దాం" అన్నాను.

"కాటా ఎయ్యనీకి ఇదేమన్నా ఎనుమాముల మిర్చి బస్తానా?"

ఇంటికొచ్చాక వంటింట్లోని డిజిటల్ కాటా తీసుకున్నాను. పిండి తూచుకునేది, అయిదు కిలోల దాకా చూపిస్తుంది. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టాలంటారు. అవసరం లేదు. మా వీధి వడ్రంగి దగ్గర కాటా ఎత్తుకు సరిగ్గా సమానంగా మూడు చెక్కముక్కలు కోయించుకున్నాను. మూడు చక్రాలు చెక్కల మీద, ఒకటి కాటా మీద. ఒక్కో మూలకు కాటా మార్చుకుంటూ పోతే నాలుగు బరువులూ వస్తాయి. అసలు తిప్పలు నేలతోనే. మన ఇళ్ళలో షాబాద్ బండలు నీళ్ళు పోవడానికి వాలుగా వేస్తారు, ఆ వాలు మీద తూచితే లెక్కంతా తప్పుతుంది. క్యారమ్ బోర్డు నేల మీద పెట్టి, మేస్త్రీలు వాడే రసమట్టం దాని మీద రెండు వైపులా పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా మూలల కింద పాత పెళ్ళి కార్డులు మడిచి దూర్చాను. తూచేటప్పుడు కారుకు బ్యాటరీ, పైన బాడీ అన్నీ ఉండాలి. తూచే ముందు ప్రతిసారీ కారును నాలుగు వేళ్ళతో కిందికి నొక్కి వదలాలి, లేకపోతే సస్పెన్షన్ ఇరుక్కుని దొంగ లెక్క చూపిస్తుంది. ఆ కాటా రెండు నిమిషాలకోసారి దానంతటదే ఆఫ్ అయిపోయేది. ఈ సామాన్లు తయారుచేసేవాళ్ళకు మనం కారు తూచుతామని తెలియదు కదా.

వచ్చిన లెక్క: ఎడమ ముందు 510 గ్రాములు, కుడి ముందు 490, ఎడమ వెనక 640, కుడి వెనక 760. మొత్తం 2,400. ఎడమవైపు రెండూ కలిపితే 48 శాతమే. కుడి ముందు, ఎడమ వెనక కలిపితే 47 శాతం.

అక్కడే దొరికిపోయింది. ఓవల్ మీద కారు తిరిగేది ఎప్పుడూ ఎడమకే. మలుపులో బరువు దానంతటదే కుడివైపుకు పోతుంది. అందుకే కారు నిలబడి ఉన్నప్పుడే ఎడమవైపు బరువు ఎక్కువుండాలి, అప్పుడే మలుపులో ఎడమ టైర్లు కూడా నేలను పట్టుకుంటాయి. ఇక కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం, ఐమూలగా ఉన్న ఈ రెండిటి బరువును క్రాస్ వెయిట్ అంటారు, వెడ్జ్ అని కూడా అంటారు. అది ఎక్కువైతే కారు టైట్, అంటే స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటి అంచుకే పోతుంది. తక్కువైతే లూజ్, తోక విసురుతుంది. మావాడిది పక్కా లూజు కారు. దాని మీద పెద్ద మోటారు.

బ్యాటరీని, మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీని ఎడమ అంచుకు జరిపాం. కార్ల టైర్ షాపుల్లో వీల్ బ్యాలెన్సింగ్‌కు అతికించే బరువు బిళ్ళలు ఉంటాయి చూడండి, అయిదు గ్రాములు, పది గ్రాములవి. అవి నలభై గ్రాములు తెచ్చి ఎడమవైపు వెనకగా అతికించాం. ఆ తర్వాత ఎడమ వెనక షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగ్‌ను నొక్కి ఉంచే కాలర్‌ను కొంచెం కిందికి బిగించాను. ఇదెలా పనిచేస్తుందంటే, కుర్చీ ఒక కాలు కింద అట్టముక్క పెట్టి చూడండి, ఆ కాలూ దాని ఐమూల కాలూ బరువంతా మోస్తాయి, మిగతా రెండూ తేలికపడతాయి. అమెరికాలో జరిగే నాస్కార్ కార్ల రేసుల్లో పిట్ స్టాప్ అప్పుడు, అంటే మధ్యలో కారు ఆపి సరిచేసేటప్పుడు, ఒకాయన వెనక అద్దం దగ్గర పొడుగాటి రెంచ్ దూర్చి తిప్పడం మీరు చూసే ఉంటారు. ఆయన చేసేదీ ఇదే పని.

మళ్ళీ తూచితే ఎడమ ముందు 535, కుడి ముందు 475, ఎడమ వెనక 785, కుడి వెనక 645. అంటే ఎడమవైపు 54 శాతం, క్రాస్ 51.6. సాయంత్రం అదే ట్రాకు, అదే మోటారు. మూడో మలుపులో తోక కొంచెం ఊగింది, కానీ పట్టు వదల్లేదు. బామ్మర్ది ల్యాప్ మీద ల్యాప్ కొట్టి, చివరికి ఏమన్నాడో తెలుసా? "మోటార్ రన్నింగ్ అయ్యింది బావా, ఇప్పుడు సెట్టయ్యింది." నేనేమంటాను. చాయ్ తాగి ఊరుకున్నాను.

ఇప్పుడు మీరు ఈ అంకెలు రాసుకుని మీ కారుకు పెట్టేయకండి. ఆ జబ్బు ఇప్పటికే చాలామందికి ఉంది. యూట్యూబ్‌లో ఎవరో సెటప్ షీట్, అంటే తన కారు అమరికల పట్టీ పెడతాడు, వీళ్ళు అక్షరం పొల్లుపోకుండా దింపేస్తారు. ఆయన నడిపేది కార్పెట్ మీద, ఫోమ్ టైర్లకు పట్టు పెంచే మందు రాసుకుని. మనది మొరం, చెలక నేల, రబ్బరు టైర్లు. అసలు కార్లు పరిగెత్తే అమెరికా ట్రాక్ డేటోనాలో మలుపులు 31 డిగ్రీల వాలుతో ఉంటాయి, వాలే కారును పట్టి ఉంచుతుంది. మన వెంచర్‌లో మలుపు రొట్టెల పీట అంత చదును. వాళ్ళ స్ప్రింగు మనకెందుకు పనికొస్తుంది?

పైగా మన నేల గంట గంటకూ మారుతుంది. ట్యాంకర్ నీళ్ళు కొట్టిన కాసేపటి దాకా మొరం మెత్తగా ఉండి టైరు కొరికి పట్టుకుంటుంది. ఎండేకొద్దీ పైన సన్నటి గులకలు తేలి కారు లూజవుతుంది. అప్పుడు ఎడమ వెనక కాలర్ అర చుట్టు బిగిస్తే చాలు. ఒకసారికి ఒక్కటే మార్చండి. స్ప్రింగూ ఆయిలూ క్యాంబరూ (చక్రం పక్కకు ఒరిగే కోణం) అన్నీ ఒకేసారి మార్చి "ఏం చేసినా కుదరట్లేదు" అంటే దేవుడు కూడా ఏం చేయలేడు. అన్నట్టు, తడి ట్రాకును రాత్రి కాపలా కాసే ఏర్పాటు కూడా ఉండాలి. బర్రెలు నడిచిపోతే తెల్లారేసరికి గిట్టల గుంతలు గట్టిపడి కూర్చుంటాయి, రోలర్ తిప్పినా పోవు. బర్రెల ఆసామికి చెప్తే, "మీరు పిల్లల బండ్లాట ఆడుకుంటరు, అవి యాడికి పోవాలె?" అని మనల్నే అడుగుతాడు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది, అదే బాధ.

టైర్ల సంగతి కొంచెం. ఓవల్‌లో ముందు చక్రాలు రెండూ ఎడమకు ఒరిగి ఉండాలి. అంటే కుడి ముందు చక్రం పైభాగం లోపలికి, ఎడమ ముందుది బయటికి. ఎంత ఒరగాలో మా మొరమే చెప్తుంది. కొన్ని ల్యాపులు తిప్పి ఆపి చూస్తే టైరు నేలకు ఆనిన మేరే అరిగి నున్నగా కనిపిస్తుంది, ఆననిచోట ఎర్రదుమ్ము అట్లాగే ఉంటుంది. కుడి ముందు టైరు బయటి అంచే అరుగుతుంటే ఇంకొంచెం లోపలికి ఒరిగించండి. ఇక వెనక కుడి టైరును ఎడమదానికంటే కొంచెం పెద్దది వేయడాన్ని స్టాగర్ అంటారు. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసులా కలిసి తిరిగే కార్లలో, లేదా డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లలో) బాగా చిక్కటి ఆయిల్ పోసినవాటిలో, ఇది కారును ఎడమకు నడిపిస్తుంది. మామూలు డిఫరెన్షియల్ అయితే దాని ప్రభావం తక్కువ. కానీ పెద్ద టైరు వేయగానే ఆ మూల ఎత్తు పెరిగి క్రాస్ వెయిట్ తగ్గిపోతుంది, కాబట్టి మళ్ళీ కాటా దగ్గరికి రావాల్సిందే. టైరు మార్చి తూకం మార్చనివాడితో నేను వాదించను.

సరే, మీరు మోటారు అడిగారు. మోటారు కంటే పినియన్, అంటే మోటారు ఇరుసుకు బిగించే చిన్న పళ్ళచక్రం ముఖ్యం. స్లాష్ గేర్‌బాక్స్ నిష్పత్తి 2.72. పినియన్ తిప్పే పెద్ద పళ్ళచక్రం స్పర్‌కు 86 పళ్ళు, పినియన్‌కు 20 పళ్ళు అనుకుంటే మోటారు దాదాపు 11.7 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. పినియన్ పెద్దదైతే స్ట్రెయిట్‌లో స్పీడు పెరుగుతుంది, దాంతోపాటే మోటారు కాలుతుంది. బ్రష్‌లెస్ మోటారు పైన 80 డిగ్రీలు దాటితే లోపల అయస్కాంతం బలం పోవడం మొదలైనట్టే అనుకోండి, ఒకసారి పోయిన బలం తిరిగి రాదు. మే నెలలో మన వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలు. అంటే కారు ఇంకా కదలకముందే సగం హద్దు అయిపోయింది. సంక్రాంతికి నడిచిన పినియన్ ఎండాకాలంలో నడవదు, ఒకటి రెండు పళ్ళు తగ్గించాలి. బోరు మోటారు కాలి షాపుకు వచ్చిన రైతుకు నేను చెప్పేదీ ఇదే: లోడు చూసుకోకుండా మోటారును తిడితే లాభం లేదు. కరోనా టైంలో కొన్న నుదుటి థర్మామీటర్ దీనికి పనికిరాదు, 43 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ గన్ కొనండి. మోటారు మాత్రం కారుతో వచ్చినదే చాలు, మొదటి సీజనంతా దాన్నే నడపండి.

బ్యాటరీ 2ఎస్ లైపో, అంటే రెండు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ తీసుకోండి. నిండా ఛార్జ్ చేస్తే 8.4 వోల్టులు. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగకూడదు కాబట్టి ఈఎస్‌సీలో లైపో కటాఫ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. వారం రోజులు వాడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర పెట్టాలి, నిండా ఛార్జ్ చేసి అల్మారాలో పెట్టొద్దు. ఎండలో స్కూటీ డిక్కీలో వదిలారో, అది ఉబ్బి కూర్చుంటుంది. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడకండి, సూదితో గుచ్చే తెలివితేటలు అసలే వద్దు, అంటుకుంటుంది. ఇంకోమాట, స్లాష్‌లో బ్యాటరీ పడుకునేది కారు మధ్యలో. దాన్ని ఎడమకు జరపాలంటే పొట్టి ప్యాక్ అయితే సులువు, అందుకే ఎంఏహెచ్ ఎక్కువుందని పొడుగాటిది తెచ్చుకోకండి.

ఈలోపు మీ కారు నాలుగు మూలల బరువులు తూచి ఇక్కడ రాయండి, బ్యాటరీతో, బాడీతో కలిపి. నేల ఎలాంటిదో కూడా రాయండి, మొరమా, రేగడా, సిమెంటా. దాన్ని బట్టి ఏ కాలర్ ఎటు తిప్పాలో చెప్తాను.