మా అపార్ట్‌మెంట్‌లో కార్బన్ లెక్క నీళ్ల ట్యాంకర్ దగ్గర మొదలైంది

మొక్కలు నాటి ఫొటో దిగడం కాకుండా కాలనీ లెవెల్లో కార్బన్, అంటే భూమిని వేడెక్కించే పొగ, తగ్గించే పని నిజంగా ఏదైనా ఉందా, ఎవరైనా చేసి చూశారా అని చాలామంది అడుగుతుంటారు. మేం చేశామండి. హైదరాబాద్‌లో నిజాంపేట వైపు మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 45 ఫ్లాట్లు, పిల్లా పెద్దా కలిపి 160 మంది దాకా ఉంటాం. సోలార్ పెట్టాం, తడిచెత్త కంపోస్ట్ చేస్తున్నాం, కానీ అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సింది నీళ్లు అని నా అనుభవం. నీళ్లకీ కార్బన్‌కీ ఏం సంబంధం అంటారేమో, 2024 ఎండాకాలం వరకు నాకూ ఆ ఆలోచన రాలేదు.

ఆ ఏడాది హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మాకున్న రెండు బోర్లలో ఒకటి ఫిబ్రవరిలోనే ఎండిపోయింది, రెండోది వెయ్యి అడుగులది, గంటసేపు మోటార్ వేస్తే పావుగంట నీళ్లు, మిగతాదంతా గాలి. మార్చి మధ్య నుంచి మే ఆఖరు దాకా రోజుకి రెండు ట్యాంకర్లు తెప్పించుకున్నాం, పదివేల లీటర్లవి. అప్పుడు నేను అసోసియేషన్‌లో ట్రెజరర్‌ని, ట్యాంకర్ రిజిస్టర్ నేనే రాసేవాణ్ణి. ఓ రోజు డ్రైవర్‌ని అడిగా, అన్నా ఈ నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తున్నావు అని. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒకాయన పొలంలో బోరు సార్, రానుపోను 30 కిలోమీటర్లు, లీటర్ డీజిల్‌కి నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వట్లేదు బండి అన్నాడు. రాత్రి కూర్చుని లెక్కేశా. ట్రిప్పుకి ఏడెనిమిది లీటర్ల డీజిల్, లీటర్ డీజిల్ కాలితే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే ఒక్కో ట్యాంకర్‌కి 20 కిలోలు, మేం తెప్పించినవి 150 దాకా ఉన్నాయి, మొత్తం మూడు టన్నులు, అదీ రెండున్నర నెలల్లో, మేం స్నానాలు చేసి బట్టలు ఉతుక్కోవడానికి! పైగా ఆ పొలంలో బోరు కరెంటు ఇందులో కలపలేదు.

సరే మున్సిపల్ నీళ్లు వస్తే కార్బన్ ఉండదా అంటే అక్కడా ఉంటుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట చెరువు నీళ్లు వాలు మీదే సిటీలోకి దిగేవి, దానికి కరెంటు అక్కర్లేకపోయింది. ఇప్పుడు మనం తాగే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్ల పైన, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి 180 కిలోమీటర్ల పైన, సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉన్న ఊరికి స్టేజీలు స్టేజీలుగా మోటార్లతో ఎక్కించి తెస్తున్నారు. ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. మా బోరు సంగతి చూసినా, వెయ్యి అడుగుల నుంచి వెయ్యి లీటర్లు లాగాలంటే మోటార్ ఓ మోస్తరుగా పనిచేస్తే రెండు యూనిట్ల దాకా కాలుతుంది. కుళాయి తిప్పినప్పుడల్లా ఎక్కడో బొగ్గు కాలుతోంది అన్న సంగతి అర్థమయ్యాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

మీటింగ్‌లో క్లైమేట్ అనే మాట ఎత్తలేదు. ట్యాంకర్ల బిల్లు, కామన్ మీటర్ 12 నెలల కరెంటు బిల్లులు జిరాక్స్ తీసి అందరి చేతిలో పెట్టా, లిఫ్ట్, లైట్ల కంటే మోటార్లే ఎక్కువ తింటున్నాయని అందులోనే కనపడింది.

మొదటి పని పెద్ద ఖర్చు లేనిది. ప్లంబర్‌ని పెట్టుకుని ఆదివారం పొద్దున ఫ్లాట్ ఫ్లాట్‌కీ తిరిగి ఫ్లష్ ట్యాంకులో చిటికెడు పసుపు కలిపిన నీళ్లు పోశాం, పావుగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉంటే కమోడ్‌లో పసుపు రంగు దిగితే లీక్ ఉన్నట్టు. 45లో 11 ఫ్లాట్లలో దిగింది! వాళ్లలో ఒక్కరికీ తెలీదు. రబ్బరు వాషర్ మార్చితే సరిపోయే పని అది. పైన ట్యాంకు నిండి పొంగిపోవడం ఇంకొకటి, వాచ్‌మన్‌ని తిట్టేవాళ్లు అందరూ, ఆయన రాత్రి ఒంటిగంటకి గేటు తీసి తెల్లారి నాలుగింటికి మోటార్ వేసే మనిషి, నిద్ర పట్టదా మరి. ఆటోమేటిక్ సెన్సర్ పెట్టించాం, ఆయనకీ ఆ తిట్లు తప్పాయి.

గొడవంతా మీటర్ల దగ్గర వచ్చింది. ఫ్లాట్‌కో వాటర్ మీటర్ పెడదాం అంటే మూడు నెలలు మీటింగులే. ఆరుగురు ఉండే ఇంటివాళ్లు మాకు అన్యాయం అంటారు, ఇద్దరే ఉండేవాళ్లు ఇన్నాళ్లూ మీ నీళ్లకి మేం కట్టాం అంటారు, ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చివరికి మూడో అంతస్తు పిన్నిగారు, రిటైర్డ్ టీచర్, ఆవిడ చెప్పిన దారి అందరికీ నచ్చింది: మనిషికి రోజుకి 100 లీటర్ల దాకా మెయింటెనెన్స్‌లోనే, దాటితేనే ఛార్జీ, అద్దెకున్నవాళ్లయినా ఓనరైనా ఒకటే రూలు. పైప్‌లైన్లు ఒక్కో ఫ్లాట్‌కి రెండు మూడు చోట్ల నుంచి వస్తాయి కాబట్టి ఒక్క మీటర్‌తో అవ్వదు, ఇది ముందే లెక్కేసుకోండి, మేం లెక్కేసుకోక బడ్జెట్ రెట్టింపయింది. కానీ మీటర్లు పెట్టిన రెండో నెలకే రోజుకి 22 వేల లీటర్ల వాడకం 16 వేలకి వచ్చింది. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పలేదు, అంకె కనపడింది అంతే.

తర్వాత వాన. మా టెర్రస్ పదివేల చదరపు అడుగులు, హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, ఐదో వంతు ఆవిరికీ వేస్ట్‌కీ తీసేసినా ఆరు లక్షల లీటర్లు, అంటే మా ట్యాంకర్లు అరవై. అదంతా పైపుల్లోంచి రోడ్డు మీదకి పోయి పక్క వీధిలో మోకాలి లోతు నిలబడేది. ఇంకుడు గుంత ఉంది మాకు, కాగితం మీద. మూత తీసి చూస్తే కట్టినప్పుడు మిగిలిన సిమెంట్ పెళ్లలు, టైల్స్ ముక్కలు నింపి ఉన్నాయి. తవ్వించి అడుగున పెద్ద రాళ్లు, పైన 40 ఎంఎం, 20 ఎంఎం కంకర, ఆ పైన దొడ్డు ఇసుక వేయించి, అందులో వడకట్టిన టెర్రస్ నీళ్లు మాత్రమే ఆ ఎండిపోయిన బోరులోకి పోయేలా చేశాం. కారు పార్కింగ్ నీళ్లు, డ్రైనేజీ చుక్క కూడా బోరులోకి పోకూడదు, పోతే చుట్టుపక్కల అందరి నీళ్లూ పాడవుతాయి, ఇక్కడ మాత్రం కక్కుర్తి పడకండి. 2025 ఎండాకాలంలో మాకు ట్యాంకర్లు 19. వానలు బాగా పడటం కూడా కారణమే, మొత్తం మా గొప్పే అనను, కానీ పక్క బిల్డింగ్‌కి రోజూ ట్యాంకర్ వచ్చింది.

ఇవన్నీ అయ్యాకే సోలార్. ముందే పెట్టి ఉంటే 15 కిలోవాట్లు కావాలి అన్నారు, మోటార్ల వాడకం తగ్గాక 10 సరిపోయింది. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో హౌసింగ్ సొసైటీల కామన్ వాడకానికి కిలోవాట్‌కి 18 వేలు సబ్సిడీ ఉంది, మాకు లక్షా 80 వేలు వచ్చింది. కిలోవాట్‌కి రోజుకి సగటున నాలుగు యూనిట్లు, ఏడాదికి 14 వేల యూనిట్లు, మన గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన దాదాపు పది టన్నులు తగ్గినట్టు. సోలార్ పెట్టినవాళ్లు నెట్ మీటర్ (మనం గ్రిడ్‌కి ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండూ లెక్కేసే మీటర్) పని రెండు నెలలు లాగారు, కాబట్టి ఆఖరి వాయిదా డబ్బు నెట్ మీటర్ తిరిగాకే ఇస్తామని ముందే కాగితం రాయించుకోండి.

తడిచెత్త మొదటిసారి ఫెయిలయ్యాం. జూలైలో మొదలుపెట్టాం, డ్రమ్ముల్లో తడి ఎక్కువై కంపు, పురుగులు, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే మామ్మగారికి కిటికీ తీయలేని పరిస్థితి, ఆవిడ ఒక్కమాట అనలేదు గానీ మాకే బాధేసి ఆపేశాం. నవంబర్‌లో మళ్లీ పెట్టాం, ఈసారి ప్రతి బకెట్ చెత్తకీ బకెట్ ఎండుటాకులు, కొబ్బరి పీచు పొట్టు, రెండు రోజులకోసారి కలియబెట్టడం, అప్పటి నుంచి వాసన లేదు. మా చెత్త ఇంతకుముందు జవహర్‌నగర్ డంప్‌కి పోయేది, అక్కడ గుట్టల కింద గాలాడక కుళ్లితే మీథేన్ వస్తుంది, వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. ఆ డంప్ పక్కన బతికేవాళ్ల నీళ్లూ గాలీ ఏమైపోయాయో ఒకసారి వెళ్లి చూడండి. పెద్ద మోతాదులో చేయాలంటే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో మిగిలిపోయిన కూరగాయల నుంచి బయోగ్యాస్, కరెంటు తీస్తున్నారు, అసోసియేషన్ వాళ్లని తీసుకెళ్లి చూపించినా మంచిదే.

చైనా, అమెరికా వదిలే పొగ ముందు మీ 45 ఫ్లాట్లు ఎంత అని మా మీటింగ్‌లోనూ అడిగారు. సోలార్, ట్యాంకర్లు కలిపి ఏడాదికి 12 టన్నుల పైన తగ్గింది, మన దేశంలో తలసరి సుమారు రెండు టన్నులు, అంటే ఆరుగురు మనుషుల ఏడాది వాటా. ఆ లెక్కే చెప్పా, అడిగినాయన ఇప్పుడు మీటర్ రీడింగులు తీస్తున్నాడు.

మీరు మొదలుపెడితే కామన్ కరెంటు బిల్లులు ఏడాదివి, ట్యాంకర్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చోండి, తొలి వాన పడ్డ రోజు గొడుగేసుకుని టెర్రస్ పైపులు ఎక్కడికి పోతున్నాయో వెంటే నడిచి చూడండి. మాకైతే మృగశిర కార్తె లోపు టెర్రస్ ఊడ్చి గుంతలో పై ఇసుక మార్చాలి, కిందటేడు మార్చకపోతే ఒక్క సీజన్‌కే పైన మట్టి పేరుకుని నీళ్లు దిగడం మానేశాయి. వెనక వీధి అపార్ట్‌మెంట్ వాళ్లు ఆ రోజు చూడ్డానికి వస్తామన్నారు, మీరు దగ్గర్లో ఉంటే మీరూ రండి.