760 మిల్లీమీటర్ల పాదరసమా, పాదరసం ఎత్తా?

సందేహం: పిల్లలకు సైన్సు పాఠాలు తెలుగులో రాస్తున్నాను. వాతావరణ పీడనం '760 మిల్లీమీటర్ల పాదరసం' అని రాయవచ్చా? తుపాను వార్తల్లో ఒకరు మిల్లీబార్లు అంటారు, ఇంకొకరు హెక్టాపాస్కల్స్ అంటారు. వీటిని ఒకదాన్నుంచి ఇంకొకదానిలోకి ఎలా మార్చి చెప్పాలి?

సమాధానం: 'రెండు లీటర్ల పాలు' అన్నప్పుడు మనం చెప్పేది పాల గురించే. అలాగే '760 మిల్లీమీటర్ల పాదరసం' అని చదివిన పిల్లవాడికి పాదరసమే కనిపిస్తుంది, గాలి కనిపించదు. అక్కడ జారిపోయిన మాట 'ఎత్తు'.

17వ శతాబ్దంలో ఇటలీలో టారిసెల్లి అనే శాస్త్రవేత్త చేసిన ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. ఒక చివర మూసిన గాజు గొట్టం నిండా పాదరసం పోసి, పాదరసమున్న తొట్టిలో బోర్లిస్తే, గొట్టంలోది కొంత దిగి సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తున ఆగింది. తొట్టిలోని పాదరసాన్ని అదిమే బయటి గాలే ఆ స్తంభాన్ని నిలబెట్టింది. నీళ్లతో చేయాలంటే పది మీటర్లకు మించిన గొట్టం కావాలి!

'మోకాలి లోతు నీళ్లు' అంటాం కదా. కొలతకూ నీళ్లకూ మధ్య 'లోతు' కూర్చుంది. అదే పద్ధతిలో మొదటిసారి '760 మిల్లీమీటర్ల ఎత్తు పాదరస స్తంభం కలిగించే పీడనం' అని పూర్తిగా రాయండి. తర్వాత '760 మి.మీ. పాదరస మట్టం' అంటే చాలు. రక్తపోటు 120 అన్నా ఈ మిల్లీమీటర్లే. వాడుకలో అంకె ఒక్కటే మిగిలింది.

మిల్లీబారు, హెక్టోపాస్కల్ రెండూ ఒకటే. 998 మిల్లీబార్లంటే 998 హెక్టోపాస్కళ్లే, మార్చే పని లేదు. 'హెక్టా' మాత్రం సరికాదు. నూరు అనే అర్థమిచ్చే ముక్క 'హెక్టో'. 'హెక్టారు'లో ఆ ఓకారం ఏమైందంటే, 'ఆర్' అనే కొలతలోని అచ్చు తగిలి లోపించింది. మన సంధుల్లో జరిగేదే ఇది. పాస్కల్ హల్లుతో మొదలవుతుంది కాబట్టి ఓకారం నిలుస్తుంది. బహువచనానికి 'స్' అక్కర్లేదు. మైళ్లు, సైకిళ్లు లాగే పాస్కళ్లు.

ఇక పాదరసం లెక్కకు మనకో చక్కని మాట ఉంది: ముప్పావు. హెక్టోపాస్కళ్లలో ముప్పావు వంతు తీసుకుంటే మిల్లీమీటర్లు వస్తాయి, 1000కి 750. తిరిగి రావాలంటే మూడో వంతు కలపాలి. 760కి 253 కలిపితే 1013. ప్రామాణిక వాతావరణ పీడనం 1013.25 హెక్టోపాస్కళ్లు కాబట్టి పాఠానికి ఈ లెక్క బాగా సరిపోతుంది. 0.75తో గుణించమనే బదులు ముప్పావు అనే రాయండి, పిల్లలు నోటిలెక్కగా చేసేస్తారు.