గోల్కొండ సుల్తాను ‘మల్కిభరాముడు’ ఎలా అయ్యాడు?

ముస్లిం పాలకుల్లో తెలుగును మనసారా ఆదరించినవారు ఎవరైనా ఉన్నారా, లేక అదంతా పాలన సాగడం కోసం చేసుకున్న సర్దుబాటేనా అని మీరు అడిగారు. నేను కొంత చదివి, కొంత చూసి తెలుసుకున్న ఇబ్రహీం కుతుబ్ షా గురించి చెబుతాను. ఆయన 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలాడు.

ఎం.ఏ. తెలుగు చదివే రోజుల్లో సాహిత్య చరిత్ర పాఠంలో ‘మల్కిభరాముడు’ అన్న పేరు విని, ఎవరో సామంతరాజు కాబోలు అనుకున్నాను. ‘మలిక్ ఇబ్రహీం’ అన్న పేరునే మన కవులు అలా తెలుగు చేసుకున్నారని అధ్యాపకులు చెప్పినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

తండ్రి సుల్తాన్ కులీ 1543లో హత్యకు గురై, అన్న జంషీద్ గద్దెనెక్కడంతో, ప్రాణభయంతో పారిపోయిన ఇబ్రహీంకు విజయనగరంలో అళియ రామరాయలు ఆశ్రయమిచ్చాడు. కావ్యగోష్ఠులకు పేరుపొందిన ఆ నగరంలో గడిపిన ఏడేళ్ళే ఆయనకు తెలుగు రుచి చూపాయని నా నమ్మకం. అదే రామరాయల మీదికి 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధానికి దక్కను సుల్తానులతో కలిసి వెళ్ళినవాడూ ఆయనే. ఆ సంగతి నన్ను బాధిస్తుంది, దాన్ని దాచి ఆయన్ను పొగడలేను.

అయినా మీ ప్రశ్నకు జవాబు కావ్యాల్లోనే ఉంది. కుతుబ్ షాహీల ఫర్మానాల్లో, అంటే రాజాజ్ఞల్లో, పారశీకంతో పాటు తెలుగు కనిపించడానికి పాలనావసరం చాలు, కానీ కావ్యాన్ని అంకితం పుచ్చుకుంటే ఖజానాకు ఒక్క రూకైనా చేరదు. అద్దంకి గంగాధర కవి భారతంలోని కథతో ‘తపతీ సంవరణోపాఖ్యానం’ రచించి ఈ సుల్తానుకే అంకితమిచ్చాడు. కావ్యంలోని ప్రతి ఆశ్వాసం (అధ్యాయం) మొదటా చివరా కృతిపతిని, అంటే అంకితం పుచ్చుకున్నవాణ్ణి, సంబోధించడం మన సంప్రదాయం కదా, రాముడికో విష్ణువుకో దక్కే ఆ చోటు ఇక్కడ మల్కిభరాముడికి దక్కింది.

గోల్కొండ దగ్గరి కుతుబ్ షాహీ సమాధులకు వెళ్ళినప్పుడు ఇబ్రహీం సమాధి గోడ మీద అక్కడక్కడ మిగిలిన రంగు పింగాణీ పలకలను చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఒకప్పుడు గోడంతా పరుచుకున్న ఆ మెరుపులో ఇప్పుడు మిగిలింది కొన్ని ముక్కలే.

ఆయన ఒక్కడి అభిరుచిగా ఇది ఆగిపోలేదు. పటాన్‌చెరులో ఉన్న ఆయన అధికారి అమీన్ ఖానుకు పొన్నికంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితమిచ్చాడు. సంస్కృత పదాలను తత్సమాలుగా, అంటే దాదాపు ఉన్నవి ఉన్నట్టుగా, వాడకుండా అచ్చ తెలుగులో వెలువడిన తొలి కావ్యం అదే. అలాంటి ప్రయోగాన్ని తన పేరిట పుచ్చుకున్న అమీన్ ఖానుకు తెలుగు మీద ఉన్నది సర్దుబాటు మాత్రమేనని నేను అనుకోలేను.