కాంగ్రెస్ మంజూరు చేసిన నిధులను అమెరికా అధ్యక్షుడు ఆపివేయవచ్చా?

కేవలం ఆ విధానం తనకు నచ్చలేదన్న కారణంతో ఆపడానికి చట్టం ఒప్పుకోదు. ఖజానాపై అధికారం రాజ్యాంగం ప్రకారం అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌దే. 1972లో నీటి కాలుష్య నివారణ చట్టాన్ని అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటో చేయగా ఉభయ సభలూ ఆ వీటోను తోసిపుచ్చాయి. అయినా మురుగునీటి శుద్ధి కోసం నగరాలకు అందవలసిన 1,100 కోట్ల డాలర్లలో 500 కోట్లకు మించి కేటాయించవద్దని ఆయన ఆదేశించారు. న్యూయార్క్ నగరం కోర్టుకెక్కింది, 1975లో సుప్రీంకోర్టులో గెలిచింది.

ఈలోగా 1974లో వచ్చిన నిధుల నిలిపివేత నియంత్రణ చట్టం ప్రకారం, ఏదైనా కేటాయింపు రద్దు కావాలని అధ్యక్షుడు కోరితే, సభలు సమావేశాల్లో ఉండే 45 రోజుల్లోగా కాంగ్రెస్ ఆమోదించాలి, లేకపోతే ఆ సొమ్మును విడుదల చేయాలి. దీనిపై నిఘా ఉంచేది కాంగ్రెస్ తరఫున ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం; దాని అధిపతి పదవీకాలం 15 ఏళ్లు, అంటే ఏ అధ్యక్షుడి పదవీకాలం కన్నా ఎక్కువే, స్వతంత్రతకు అది నిజంగా అవసరం.

అసలు లోపం అమలులో ఉంది. 2019లో ఉక్రెయిన్ భద్రతా సాయంలో సుమారు 21.4 కోట్ల డాలర్లను అధ్యక్షుడి కింద పనిచేసే బడ్జెట్ కార్యాలయం కేటాయింపు పత్రాల అడుగున చిన్న గమనికలు చేర్చి, నిలుపుదల గడువును పొడిగిస్తూ ఆపింది. అది చట్ట ఉల్లంఘనేనని జవాబుదారీ కార్యాలయం 2020 జనవరిలో తేల్చింది. అప్పటికి నిధులు విడుదలై నాలుగు నెలలైంది. ఈ చట్టంలో ఉల్లంఘనకు శిక్ష లేదు, ఆ కార్యాలయం చేయగలిగిందల్లా కాంగ్రెస్‌కు నివేదించడం, నిధులు ఇంకా విడుదల కాకుంటే కోర్టులో దావా వేయడం.