రాకుమారి తనే ఎందుకు పోరాడదు?

ప్రశ్న: టీవీలో 'పాతాళ భైరవి' చూస్తూ మా పదేళ్ల పాప, 'మాంత్రికుడు ఎత్తుకుపోతే రాకుమారి తనే ఎందుకు పోరాడదు?' అని అడిగింది. అలాంటి సినిమాలు ఉన్నాయా?
- ఒక తల్లి, కర్నూలు

జవాబు: ఉన్నాయమ్మా. మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. 1951 నాటి ఆ సినిమా అంటే నాకు ప్రాణం, కానీ అందులో సాహసమంతా తోట రాముడిదే.

ముందు 2012లో వచ్చిన 'బ్రేవ్' చూపించండి. మెరిడాను పెళ్లాడటానికి మూడు వంశాల పెద్ద కొడుకులు విలువిద్యలో పోటీపడతారు. 'నేనూ పెద్ద బిడ్డనే' అని ఆమె తన కోసం తనే బరిలోకి దిగుతుంది. బిగుతు గౌను విల్లు లాగనివ్వదు. కుట్లు పటపటా తెగేలా ఒళ్లు విరుచుకుని బాణం వేస్తుంది. అది అప్పటికే గుచ్చుకున్న బాణాన్ని చీల్చుకుంటూ పోతుంది! ఆ సీను పాపతో రెండుసార్లు చూడండి. 'ఫ్రోజెన్' (2013)లో అక్కను కాపాడేది చెల్లెలే, రాకుమారుడు కాదు.

మన 'అరుంధతి' (2009) వీటన్నిటికంటే నాకు ఎక్కువ. పశుపతిని అంతం చేసే ఆయుధం కోసం జేజమ్మ ప్రాణమే ఇస్తుంది. ఆమె ఎముకలతో చేసిన కత్తిని పట్టేది కూడా ఆ ఇంటి ఆడపిల్లే. అయితే పదేళ్ల పిల్లకు అది భయం, ఇంకొన్నేళ్లు ఆగండి. ఈలోగా యాగంటి వెళ్లినప్పుడు, ఆ సినిమా తీసిన బనగానపల్లె నవాబు బంగళా చూపించండి.